పడవలో ఎంతమంది?

అంట్లు తోమే పీచుతోనే పెద్దకోడలు పడవ ఇంజన్ ప్రొపెల్లర్ తోముతోంది. సింకులో ఒక పక్క గిన్నెలు, ఇంకో పక్క మూడు రెక్కల ఆ లోహపు ముక్క. అమ్మిన కొట్టాయన దాన్ని వెనక్కి తీసుకుని వేరేది ఇవ్వాలంటే అది కొత్తదానిలా మెరవాలట. ఆ మాట చెప్పేసి భర్త హాయిగా కునుకు తీస్తున్నాడు. రెక్కల మొదట్లో పట్టిన నాచు గోటితో గీకితే తప్ప ఊడి రావడం లేదు.

"గిన్నెల మధ్య ఆ ఇనుపముక్కేంటే? ఆ చేత్తోనే వంట చేస్తావా ఇప్పుడు?" అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

"ఇనుము కాదత్తా, అల్యూమినియం. మనం అన్నం వండే గిన్నె కూడా అదే."

"మాటకి మాట బాగానే వస్తుంది. ఆ తెలివేదో ఇంజన్ దగ్గర చూపించుంటే వాడికీ తిప్పలు ఉండేవి కావు. మా రోజుల్లో ఇంతకు పదింతలు చేశాం, నోరెత్తి ఎరగం."

పెద్దకోడలు పీచు ఇంకా గట్టిగా రుద్దింది. రేపటి నుంచి పడవలో ఇంజన్ దగ్గర మరిది కూర్చుంటాడు. నిన్న భోజనాల దగ్గర తల్లీ కొడుకులు ముగ్గురూ కలిసి తేల్చేశారు. నీ సంగతేంటని ఆమెని ఎవరూ అడగలేదు, ఇంకాస్త కూర వెయ్యమన్నారు, అంతే. ఆమె వేసింది. వేస్తూ వేస్తూ, ఇక రోజంతా ఈ నాలుగు గోడలే కదా అనుకుంటే ఏడుపు ముంచుకొచ్చింది, గరిటె కడిగే వంకతో లోపలికి వచ్చేసింది.

పడవలోకి ఆమె కోరి వెళ్ళిందేమీ కాదు. జీతానికుండే మనిషి చెప్పాపెట్టకుండా మానేసిన పూట, "ఈ ఒక్కరోజుకి రావే" అని భర్త బతిమాలాడు. ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు. మొదట్లో చేపలు ఏరింది, తర్వాత వల అందించింది, చివరికి పడవ దారీ వేగమూ చేతిలో ఉండే ఇంజన్ పిడి పట్టుకుంది. పట్టుకున్నాక తెలిసింది, తన చేతికి ఆ పని వచ్చని. అల ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసేది. పిడి లోంచి అరచేతిలోకి వచ్చే వణుకుని బట్టి ఇంజన్ సుఖంగా ఉందో విసుక్కుంటోందో చెప్పగలిగేది. అన్నిటికీ మించి, అక్కడ కూర్చున్నంతసేపూ కాఫీ అడిగేవాళ్ళు లేరు, చొక్కా గుండీ ఊడిందనేవాళ్ళు లేరు. భర్త కూడా నీళ్ళ మీద మంచివాడు. ఫ్లాస్కులో టీ ముందు ఆమెకే పోసిచ్చేవాడు, "ఇటు తిప్పుదామా, అటు తిప్పుదామా?" అని ఆమెనే అడిగేవాడు. తంటా అంతా నేల మీదే. రేవులో నలుగురూ అతన్ని "సరంగు" అనే పిలుస్తారు, పడవ నడిపేవాడని. భార్యని పనిలోకి దింపాడని ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనని, "ఊరికే, తోడొస్తుంది" అనేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె చేపల బుట్ట ఎత్తుతూనే ఉండేది.

ఇదంతా పాత ప్రొపెల్లర్ రెక్క విరిగేదాకా. కొత్తది తెచ్చి బిగించిన నాటి నుంచీ గ్రహచారం మొదలైంది. పిడి పూర్తిగా తిప్పినా ఇంజన్ అందుకోదు, మూలుగుతుంది. పడవ ముక్కు పైకి లేస్తుంది, ఎంతకీ కిందికి దిగదు. పొగ, వేడి, మాడు కంపు. వేలానికి వాళ్ళ చేపలు చేరేసరికి కొనేవాళ్ళు సగం మంది వెళ్ళిపోయి ఉంటారు. ఇంజన్ అసలే పాతది, బిగుసుకుపోయిందంటే మళ్ళీ కొనే తాహతు ఈ జన్మకి లేదు. "బావా, ఇది ప్రొపెల్లర్ తేడా" అని ఆమె చెప్పి చూసింది. "కొత్తదానికేం రోగం? నీ చెయ్యే కుదరడం లేదు" అన్నాడతను. "ఆడచేతికి ఇంజన్ ఇస్తే అంతే మరి" అంది అత్తగారు. "వదినకి భయం, అందుకే గట్టిగా తిప్పదు" అన్నాడు మరిది. ముగ్గురు మూడు వైపుల నుంచి అంటుంటే ఎంతకని తట్టుకుంటుంది? నిజంగానే నా చెయ్యి పాడైందా అని ఆమెకే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం ఇల్లంతా పాకింది. కూరలో ఉప్పు వేయబోతూ ఆగేది, తలుపు గడియ పెట్టి మళ్ళీ వెళ్ళి చూసుకునేది.

తోమడం అయ్యాక, భర్త స్కూటర్ వెనక ప్రొపెల్లర్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బరువు మొయ్యాలి కాబట్టి ఆమెని కొట్టుకి తీసుకెళ్తున్నాడు, లేకపోతే అదీ లేదు.

కొట్టు రేవు వెనక సందులో ఉంది. ఇరుకు గది, గోడలకి మేకులు, మేకులకి రకరకాల ప్రొపెల్లర్లు. నేలంతా జిడ్డు. కొట్టాయన వయసు మళ్ళిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదే ఉంటాయి, ఎక్కడ పెట్టానో అని రోజంతా వెతుక్కుంటాడు. వాళ్ళని చూసి ఆమెకి స్టూలు జరిపాడు.

"ఇది మాకు చాలడం లేదండీ," అన్నాడు భర్త. "పడవ పరుగెత్తడం లేదు. ఇంకా పెద్ద పిచ్‌ది ఇవ్వండి. అదిగో, ఆ స్టీలుది. పక్క పడవవాడు అదే వేశాడు, దూసుకుపోతున్నాడు."

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే పడవని ఎంత ముందుకి తొయ్యాలన్న కొలత. అది భర్త ఒకసారి ఆమెకి చెప్పాడు, చెప్పి "నీకెందుకులే ఇవన్నీ" అన్నాడు.

కొట్టాయన స్టీలుది తియ్యలేదు. "ముక్కు పైకి లేస్తోందా? పిడి మొత్తం తిప్పినా ఇంజన్ అందుకోవడం లేదా?"

"అది ప్రొపెల్లర్ తప్పు కాదులెండి. ఇంజన్ దగ్గర కూర్చునేవాడికి చెయ్యి కుదరడం లేదు. రేపటి నుంచి మనిషిని మారుస్తున్నాం."

'కూర్చునేవాడు' స్టూలు మీద కూర్చుని తన కాళ్ళకేసి చూసుకుంది.

కొట్టాయన ఆగాడు. "అదేంటి బాబూ? ఒక్కణ్ణే వెళ్తానన్నావుగా? పడవలో ఎంతమంది అని అడిగితే, 'ఒక్క మనిషి, ఒక్క వల, చిన్న ఐసుపెట్టె' అన్నావు. తేలిక పడవ కదా అనే ఇంత పెద్ద పిచ్‌ది ఇచ్చాను. మరి ఇంజన్ దగ్గర ఇంకో మనిషెవరు?"

భర్త చెవులు ఎర్రబడ్డాయి. "ఏదో, అలా అన్నానండీ. అందరూ అలాగే చెబుతారు కదా."

పెద్దకోడలికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. ఆమె ఉండబట్టే కదా రెండో వల వేసేది! రెండో వల ఉండబట్టే కదా పెద్ద ఐసుపెట్టె, ఇంకో డబ్బా పెట్రోలు, ఆ చేపలన్నీ! ఆమెని లెక్కలోంచి తీసేసేసరికి వీటన్నిటినీ తీసేశాడు మహానుభావుడు. తీసేసింది నోటితోనే. పడవలో అన్నీ ఉన్నాయి, ఆమె ఉంది. ఆ ముసలి ఇంజన్ పాపం, తనకి చెప్పని బరువునంతా లాగలేక లాగింది, పొగలు కక్కింది. ఆ నింద తెచ్చి ఆమె చేతికి అంటగట్టారు. ఇంత చాకిరీ చేసిన ఇంట్లో ఆమె బరువెంతో తెలిసింది ఒక్క ఇంజన్‌కే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అనుమానం మాత్రం ఒక్కసారిగా దిగిపోయింది. నా చేతికేమీ కాలేదు, నా చెయ్యి బంగారంలా ఉంది అనుకుంది, అరచేతులు రెండూ చీరకి తుడుచుకుని లేచి నిలబడింది.

"ఇద్దరం వెళ్తామండీ," అంది. "రెండు వలలు. తడిసి పైకొచ్చాక ఒక్కోటి ఇద్దరు లాగితే గానీ కదలదు. నిలువెత్తు ఐసుపెట్టె. పడవ కూడా పాతది, చెక్క నీళ్ళు తాగి బరువెక్కింది. ఇంజన్ నేను నడుపుతాను."

భర్త గోడ మీది ప్రొపెల్లర్లని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

"అలా చెప్పమ్మా!" కొట్టాయన కళ్ళద్దాలు దొరకబుచ్చుకుని నుదుటి మీంచి దించాడు. "నెత్తిన బిందె, చంకలో పిల్ల ఉంటే పెద్దపెద్ద అంగలు వేస్తావా? చిన్న అంగలే కదా వేసేది? ఇదీ అంతే. పిచ్ రెండంగుళాలు తగ్గిద్దాం. ఖాళీ పడవతో పందేలకి పనికిరాదు గానీ, మీ బరువుకి ఇదే సరి. ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది."

"స్టీలుది?" అన్నాడు భర్త, ఆశ చావక.

"పాత ఇంజన్‌కి వద్దు బాబూ. రాయి తగిలితే స్టీలు రెక్క వంగదు, దెబ్బంతా లోపలి పళ్ళచక్రాలకి వెళ్తుంది. అల్యూమినియం అయితే తను వంగిపోయి ఇంజన్‌ని కాపాడుతుంది."

"ఆ ఉద్యోగం నాకు బాగా తెలుసు," అంది పెద్దకోడలు. కొట్టాయన పకపకా నవ్వాడు. భర్త నవ్వలేదు. ఆమె మాత్రం అల్యూమినియం దాన్నే ఎంచుకుంది, పడవకి మంచిదేదో పడవకి చెయ్యాలి కదా.

"రోజూ ఎంత బరువుతో వెళ్తారో అంతా ఎక్కించి నడిపి చూడండి," అన్నాడు కొట్టాయన. "రెక్కల మీద గీత పడకపోతే మార్చుకోవచ్చు."

మధ్యాహ్నమే రెండు వలలూ, ఐసుపెట్టె నిండా ఐసూ, డబ్బాలూ అన్నీ ఎక్కించారు. రేవు గోడ దాటాక ఆమె పిడి తిప్పింది. ఇంజన్ మూలగలేదు. గొంతు సవరించుకున్నట్టు చేసి, అందుకుంది, పైకి పైకి పోయింది. లేచిన పడవ ముక్కు మెల్లగా దిగి నీళ్ళ మీద చదునుగా కూర్చుంది. ఆ పాత వణుకు అరచేతిలోకి తిరిగొచ్చేసరికి ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు వైపు కూర్చున్న భర్త వెనక్కి తిరిగి చిన్నపిల్లాడిలా అరిచాడు, "అబ్బ! ఏం పోతోందే!"

పడవ ఒక చుట్టు చుట్టాక అతను వలల మీంచి జరుగుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"తమ్ముణ్ణి రావద్దంటాలే. నువ్వే కూర్చో," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు, చుట్టూ నీళ్ళు తప్ప ఎవరూ లేకపోయినా. "కొట్లో జరిగింది మాత్రం ఇంట్లో అనకు. అమ్మ నన్ను ఆడిపోసుకుంటుంది. నీ చెయ్యి ఇప్పటికి కుదిరిందని చెబుదాం. ఏం పోయింది?"

ఏం పోయింది! ఆమె అతనికేసి చూసింది. చెడ్డవాడు కాదు, ఇంతకాలం చూస్తూనే ఉంది. పరువు పోతుందని భయం, అంతే. ఆ భయానికి ఎప్పుడూ ఆమెనే అడ్డం పెట్టుకుంటాడు. కాదంటే ఇంజన్ దగ్గర చోటు పోతుందేమో. సరేనంటే మాత్రం, దానం చేసిన చోటులో బతుకంతా కూర్చోవాలి, చెయ్యి కుదరని మనిషిగా.

ఆమె ఇంజన్ ఆపేసింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. అత్తకి ఫోన్ చెయ్యి బావా. స్పీకర్ పెట్టు. ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పాకే ఇంజన్ తాడు లాగుతా."

"పిచ్చా నీకు? ఇక్కడ నడిసముద్రంలోనా?"

"రేవు కనిపిస్తూనే ఉందిగా. నాకేం తొందర లేదు."

అతను కోప్పడ్డాడు, నవ్వబోయాడు, తాడు తనే లాగుదామని చెయ్యి చాచాడు. ఆమె జరగలేదు. పడవ అటూ ఇటూ ఊగుతోంది. చివరికి ఉసూరుమంటూ ఫోన్ తీశాడు.

"ఏరా, ఇంజన్ మళ్ళీ ఆగిపోయిందా?" అంది అత్తగారు ఎత్తీ ఎత్తగానే.

"ఇంజన్ బాగుందమ్మా. నీ కోడలు ఆపింది." అతను ఆమెకేసి ఓసారి చూశాడు. "తప్పు నాదేనమ్మా. పడవలో నేనొక్కణ్ణే అని చెప్పి తప్పుడు ప్రొపెల్లర్ తెచ్చాను. తన చేతిలో ఏ లోపమూ లేదు. మన పడవ నడిపేది తనే. తమ్ముణ్ణి రావద్దను."

ఇక తిట్లు మొదలవుతాయని పెద్దకోడలు పిడి గట్టిగా పట్టుకుంది.

"చెప్పావు కదా, మంచిదిరా," అంది అత్తగారు. ఆ గొంతు ఇద్దరూ ఎన్నడూ వినలేదు. "మీ నాన్న పడవకి చుక్కాని పట్టింది నేనేరా. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పకుండానే పోయాడు."