కేశవులు పేరిట ఊదిన ఊపిరి

కేశవులు ఊపిరితిత్తులు ఉక్కులాంటివని మూడేళ్ళ రిపోర్టులు చెప్తున్నాయి. ఆ మూడింటిలో ఒక్కదాంట్లో కూడా ఊపిరి కేశవులుది కాదు.

ఈ రోజు ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకడు కేశవులు. రెండోవాడు అతని బదులు ఊదిన ధనుంజయ్. మూడోవాడు ఇప్పుడు కృష్ణగిరిలో, కేశవులు జబ్బు సంగతి తేల్చే వైద్యుల బోర్డు కూర్చున్న భవనానికి ఎదురుగా, టీకొట్టు బల్ల మీద ధనుంజయ్ పక్కకి జరిగి కూర్చున్నాడు.

"ఏమప్పా స్టారూ! ఈడ కనపడినావే?"

మోహన్‌కుమార్. హోసూరులో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీకి హెచ్చార్ మేనేజరు. ధనుంజయ్ తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసి, ఏడు నెలల కిందట తనే మానేశాడు. కేశవులుని మాత్రం ఎనిమిది నెలల కిందట వాళ్ళే మాన్పించారు.

"కేశవులుకి తోడొచ్చినాను సార్."

"తోడు రా. తప్పులేదు. లోపల నోరు మాత్రం తెరవద్దు." మోహన్‌కుమార్ టీ ఊదుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "కచేరీకి జర్మనీ పోతా ఉండావంట. పేపర్లో నీ ఫొటో చూసి మా ఇంట్లో కూడా చూపించినా. వీసా ఇంటర్వ్యూ ఎప్పుడు?"

"మంగళవారం."

"ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకి పోతే తమిళంలో దానికో పేరుండాది. ఆళ్‌మారాట్టం. కేసయితాది. కేసుంటే వీసా లేదు, జర్మనీ లేదు. బెదిరిస్తా ఉండాననుకోవద్దప్పా. నీ మంచికే చెప్తా ఉండా."

"మీరూ చూసినారు కదా సార్ ఆ పొద్దు. పరీక్షల వ్యాన్ దగ్గరే ఉన్నారు."

"నేనా?" మోహన్‌కుమార్ నవ్వాడు. "నేను చూసినట్టు యాడ రాసుండాది?"

గ్లాసు బల్లమీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ధనుంజయ్ టీ మీద మీగడ కట్టింది.

బాగలూరు దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు ధనుంజయ్. సంగీతం నేర్పినవాళ్ళెవరూ లేరు. ఇరవై ఏళ్ళప్పుడు హోసూరు బస్టాండు దగ్గర ఓ ఫ్యాన్సీ షాపులో మౌతార్గాన్ కొన్నాడు. సినిమా పాటలు వాయించేవాడు. ఓ రోజు ఫ్యాక్టరీ బస్సులో ఫోన్లో ఏదో వీడియో నొక్కితే, ఓ ముసలి నల్లాయన అదే మౌతార్గాన్‌ని ఏడిపించడం విన్నాడు. దాన్ని బ్లూస్ అంటారని తర్వాత తెలిసింది. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం. పీలుస్తూ నాలుక వెనక్కి లాగితే స్వరం వంగుతుంది. ఆ వంపుల్లోంచే, పది రంధ్రాల పెట్టెలో లేని స్వరాల్ని కూడా లాగొచ్చని ఒక్కడే కనిపెట్టుకున్నాడు. అవి దొరికాక జాజ్ పాటలూ అందాయి. జాజ్‌నీ బ్లూస్‌నీ కలిపి అతను వాయించింది విని బెంగుళూరులో కీబోర్డు వాయించే పూర్ణిమ తన బ్యాండులోకి పిలిచింది. ప్రతి శనివారం సాయంత్రం ప్రోగ్రామ్.

శనివారం సాయంత్రం అతనికి ఫ్యాక్టరీలో షిఫ్టు.

అక్కడ కేశవులు ఆదుకున్నాడు. ఇసుక అచ్చులు పగలగొట్టి పోతలు బయటికి తీసే సెక్షను అది. ముఖానికి గుడ్డ, తలకి హెల్మెట్, కళ్ళ ముందు పొగలా లేచే ఇసుక దుమ్ము. ఎవరు ఎవరో సూపర్‌వైజరుకే తెలీదు. ధనుంజయ్ పేరున్న టోకెన్ పెట్టుకుని కేశవులు రెండో షిఫ్టు కూడా చేసేవాడు. బదులుగా ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షల వ్యాన్ వచ్చినప్పుడు కేశవులు టోకెన్‌తో ధనుంజయ్ వెళ్ళి గొట్టంలోకి ఊదేవాడు. పరీక్ష తప్పితే కాంట్రాక్టు మనిషికి మరుసటి రోజు గేటు తెరుచుకోదు. కేశవులుకి అదే భయం.

తర్వాత ఇంకొందరు అడిగారు. వ్యాన్ మూడు రోజులుండేది, రోజుకో కొత్త మనిషి పరీక్ష చేసేవాడు. ధనుంజయ్ ఎవర్నీ కాదనలేదు. మీటరు చూసి పరీక్ష చేసేవాళ్ళు "సూపర్ అన్నా!" అంటే చప్పట్లు విన్నట్టే ఉండేది.

"ధనుంజయన్నా! పిలుస్తా ఉండారు, రా!" భవనం మెట్ల మీంచి కేశవులు భార్య వెంకటసుబ్బమ్మ చెయ్యూపింది.

గదిలో ముగ్గురు డాక్టర్లు. మాట్లాడింది నడుమ కూర్చున్న డాక్టర్ పుష్పావతి. కెలమంగలం మనిషి, తెలుగు బాగా వచ్చు. కేశవులు కుర్చీ అంచున, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోటితో గాలి పీలుస్తూ కూర్చున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"జబ్బుందని మాకు తెలుస్తా ఉంది," అంది డాక్టరమ్మ. "యాడ పట్టింది అనేదే మేం తేల్చాల్సింది. ఫ్యాక్టరీ వదిలిన నెలలో తీసిన రిపోర్టు ఇది. తిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ తర్వాత మీరు ఐదు నెలలు గ్రానైట్ పాలిష్ పనికి పోయినారు కదా?"

"పోయినానమ్మా. గతి లేక పోయినాను."

"మా వాదన అంతే మేడమ్," అన్నాడు ఓ పక్కన నిలబడ్డ మోహన్‌కుమార్. "మా దగ్గరున్నన్నాళ్ళూ మనిషి గట్టిగానే ఉన్నాడు. రాళ్ళ దుమ్ముతో వచ్చింది ఇది."

"ఆ గ్రానైట్ ఓనరు షెడ్డుకి బీగం వేసి యాడికి పోయినాడో ఎవరికీ తెలీదు," అంది వెంకటసుబ్బమ్మ. "ఇది ఫ్యాక్టరీ జబ్బు కాదని రాసేస్తే ఈయన వైద్యానికి దిక్కెవరమ్మా?"

"ఈ రిపోర్టులు తప్పని చెప్పేదానికి ఏమన్నా ఉందా?" డాక్టరమ్మ సూటిగా కేశవులు వైపు చూసింది. "ఉంటే ఇప్పుడే చెప్పండి. ఈ పొద్దు సంతకాలు పెడితే మళ్ళీ తెరవం."

కేశవులు తల వంచుకున్నాడు. "ఏమీ లేదమ్మా."

ధనుంజయ్‌కి అర్థమైంది. కేశవులు తనని కాపాడుతున్నాడు. ఊపిరి లేని మనిషి, ఉన్న ఒక్క ఆధారాన్నీ తన జర్మనీ కోసం మింగేస్తున్నాడు.

"ఊదింది నేను," అన్నాడు ధనుంజయ్.

మోహన్‌కుమార్ తల ఇటు తిరిగింది. కేశవులు "రేయ్, వద్దు" అన్నాడు.

"మూడేళ్ళూ నేనే ఊదినాను. అది నా ఊపిరి."

"స్నేహితుడు మేడమ్," అన్నాడు మోహన్‌కుమార్ తేలిగ్గా. "పాపం, సాయం చేద్దామని అబద్ధమాడుతున్నాడు."

డాక్టరమ్మ మూడు రిపోర్టుల్లోంచి గ్రాఫు కాగితాలు తీసి వరసగా పరిచింది. "నాకు ఒకటి అర్థం కాలేదు. గీత ఇట్లా నున్నగా దిగాలి. ఇందులో చివర రంపం పళ్ళ మాదిరి ఉంది చూడండి. మూడేళ్ళూ ఉంది. మిషన్ రిపేరనుకున్నా. మీరేం పని చేస్తారు?"

"మౌతార్గాన్ వాయిస్తానమ్మా. ఊపిరి చివర్న గొంతు వణికిస్తాను. ఎవరూ నేర్పలేదు, అలవాటైపోయింది."

"అయితే ఊదండి."

మూలనున్న మిషన్ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. గుండెనిండా పీల్చి ఊదాడు. స్క్రీన్ మీద గీత ఎగసి, నున్నగా దిగింది. ఒక్క పన్ను లేదు.

"మళ్ళీ."

మళ్ళీ నున్నగానే దిగింది. గొంతు కొయ్యలా బిగుసుకుపోయింది. మోహన్‌కుమార్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఇంతటితో ఆపేస్తే చాలు. అబద్ధమాడిన స్నేహితుడిగా బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. మంగళవారం మంగళవారంలాగే వస్తుంది. ఆ ఆలోచన ధనుంజయ్‌కి వచ్చింది. వచ్చి, కావలసినదానికంటే ఎక్కువసేపే నిలిచింది.

"ఒక్క నిమిషం వాయించుకోవచ్చా అమ్మా?" అన్నాడు. "గొంతు దారికి రావాల."

"ఇదేం కచేరీ హాలా?" అన్నాడు మోహన్‌కుమార్.

"వాయించండి," అంది డాక్టరమ్మ.

జేబులోంచి మౌతార్గాన్ తీశాడు. నెమ్మదైన బ్లూస్ ఎత్తుకున్నాడు. రెండో రంధ్రంలో ఊపిరి లోపలికి లాగి, స్వరాన్ని వంచి, వంపులోనే నిలిపి, అక్కణ్ణుంచి జాజ్ మెట్లెక్కి దిగాడు. స్వరం తోక దగ్గర గొంతు వణకసాగింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా కేశవులు. నోరు కాస్త తెరుచుకుని వింటున్నాడు. తను ఇట్లా వాయించడం కేశవులు ఎన్నడూ వినలేదని ధనుంజయ్‌కి అప్పుడు తట్టింది. ఎట్లా వింటాడు? తను వాయించిన ప్రతి శనివారమూ అతను దుమ్ములో ఉన్నాడు.

ఆపి, అదే ఊపుమీద గొట్టం అందుకుని ఊదాడు.

గీత ఎగసింది. దిగుతూ దిగుతూ చివర్న పళ్ళు పళ్ళుగా విరిగింది. డాక్టరమ్మ ప్రింటు తీసి, పాత కాగితం మీద పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. పక్క డాక్టర్లిద్దరూ లేచి వచ్చారు.

"ఎందుకు చేసినారు?" అడిగింది డాక్టరమ్మ.

ధనుంజయ్ శనివారాల సంగతి చెప్పాడు. టోకెన్ల సంగతి చెప్పాడు. అక్కడితో ఆపి ఉండొచ్చు, ఆపలేదు.

"మూడో ఏడు ఈయన వద్దన్నాడమ్మా. ఆయాసమొస్తా ఉంది, ఈసారి నేనే ఊదుకుంటా, ఏముందో చూసుకుంటా అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఈయన పని పోతాదని చెప్పినాను. నిజం అది కాదు. ఆ శనివారం నాకు బెంగుళూరులో పెద్ద ప్రోగ్రామ్ ఉండింది. ఈయన పరీక్ష తప్పితే నా షిఫ్టు చేసేవాళ్ళు లేరు."

వెంకటసుబ్బమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఓవర్‌టైమ్ అని కదా చెప్పినావు నాకు?"

కేశవులు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"మూడేండ్లు," అంది ఆమె. తర్వాత ధనుంజయ్‌ని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

మోహన్‌కుమార్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని తలుపు దాటుతున్నాడు. "వకీల్‌ని పంపండి. ఆఁ, ఇప్పుడే," అనడం వినిపించింది.

"మీ మాట రాసుకుని సంతకం తీసుకుంటాం," అంది డాక్టరమ్మ. "ఇది పోలీసులకీ పోతుంది. పంపకుండా ఆపడం నా చేతిలో లేదు. కేశవులు రిపోర్టులు మూడూ కొట్టేస్తున్నాం. ఫ్యాక్టరీలో పట్టిన జబ్బుగానే రాస్తాను." ధనుంజయ్ వైపు తిరిగింది. "ఈయనకి ఒక్కరికేనా?"

"కాదమ్మా," అన్నాడు ధనుంజయ్.

"ఎంతమందికి?"

"ఇంకో ఆరుమందికమ్మా."

"పేర్లు రాసివ్వండి. పేరు పక్కన ఏ ఏడు ఊదినారో కూడా. అందర్నీ పిలిపించి మళ్ళీ చూడాలి. బతికుండే తిత్తులు ఎన్నో నాకు తెలియాలి."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు ముగ్గురూ. ధనుంజయ్ పూర్ణిమకి ఫోన్ చేశాడు.

"జర్మనీకి ఇంకెవరినన్నా చూసుకోండి."

"జోకా? టిక్కెట్లు వేసేశాం ధనుంజయ్!"

"జోకు కాదు. పోలీస్ కేసయితాది. తర్వాత చెప్తా."

ఆమె ఇంకా ఏదో అంటుండగానే పెట్టేసి, కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. అనంతకుమార్ పేరు రాశాడు. గోపీచంద్ పేరు రాశాడు. ఇద్దరూ ఇప్పుడు, ఈ నిమిషంలో, అదే సెక్షనులో ఉంటారు. ఈ కాగితంతో వాళ్ళ పని పోతుంది. రాయకపోతే ఏం పోతుందో పక్కనే బెంచీ మీద ఆయాసపడుతూ కూర్చుని ఉంది. మూడో పేరు, నాలుగో పేరు, ఐదో పేరు. కలం ఆగింది.

"ఆరో మనిషెవరు కేశవులూ? గుర్తొస్తా లేదు."

"మునివెంకటమ్మ మొగుడు," అన్నాడు కేశవులు. "ఈ పక్క పోచంపల్లి సంతలో... మేకలు అమ్మేవాడు. వానలు లేక... మన సెక్షన్లో చేరినాడే."

మనిషి గుర్తొచ్చాడు. టోకెన్ అందిస్తూ ఇబ్బందిగా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పేరు మాత్రం రాలేదు. ఏ పేరుతో పిలిస్తే తను లేచి వెళ్ళి ఊదాడో, ఆ పేరు.

"ఇప్పుడు యాడ ఉండాడు?"

"పోయిన కార్తీకంలో పోయినాడు. టీబీ అనుకున్నారు."

వరండాలో ఎవరో నర్సు ట్రాలీ తోసుకుంటూ పోయింది. ధనుంజయ్ కలం మళ్ళీ కాగితానికి ఆనించాడు.

"ఆయప్ప పేరేంది?"

కేశవులు నోరు తెరిచాడు కానీ దగ్గు అడ్డొచ్చింది. వెంకటసుబ్బమ్మ అతని వీపు రాస్తూ, ధనుంజయ్ వైపు చూడకుండానే చెప్పింది.

"తిమ్మరాయప్ప."

రాశాడు.

"ఒక తూరే ఊదినావా ఆయనకి?" అడిగింది.

"రెండు తూర్లు," అని, పేరు పక్కన రెండు సంవత్సరాలూ వేశాడు ధనుంజయ్.