తంబాకు ఘాటు అనుకుంది

తడిగుడ్డలోంచి తునికాకు తీసి, చిటికెడు తంబాకు పోసి, సాయమ్మ బీడీ చుట్టింది. దాని మూతి మడిచి, దారం కట్టి చాటలో వేసింది. మూడేళ్ల కిందట జగిత్యాల ఆసుపత్రిలో ఆమెకు క్యాన్సర్ గడ్డతో పాటు సగం కడుపు కోసి తీసేశారు. అరవై దాటిన మనిషి ఇక లేవదనుకున్నారు కోరుట్లలో అందరూ. లేచింది. పిట్టలా కొంచెం కొంచెం తింటూ మళ్లీ చాట ముందే కూర్చుంది.

గోడవారన మంచంలో కోడలు నీల. నిండా ముప్పై లేవు. చెంపలు లోపలికి పోయి కళ్లు మాత్రం పెద్దవయ్యాయి.

"అత్తమ్మా, సగం కడుపుదానివి నువ్వు గట్టిగున్నవ్. పూరా కడుపున్నదాన్ని నేను పండుకున్న."

"నోరు ముయ్యే. నీ మొగడు సిరిసిల్లల బస్సెక్కిండట. వచ్చెదాంక మంచిగుండు."

సాయమ్మకు ఉన్న కోరిక అదొక్కటే. అక్కడ సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే కొడుకు భూమేశ్ వచ్చేదాకా ఈ పిల్ల కళ్లు తెరిచి ఉండాలి.

పోయిన ఎండాకాలం నీలకు ముద్ద దిగలేదు. ఒకటే వాంతులు. బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు ఘాటు తలకెక్కి అట్లా కావడం మామూలే. "తంబాకు పడ్తలేదే నీకు. నువ్వు ఆకు కత్తిరియ్యి, చుట్టుడు నేను చూసుకుంట," అని సాయమ్మ ఆ ఘాటంతా తన మీదేసుకుంది. కడుపు జబ్బు తనలాంటి ముసలివాళ్లది, పడుచుదానికెందుకొస్తుంది? గోలీలిచ్చే డాక్టరూ గ్యాసే అన్నాడు. అత్త అంత చేస్తుంటే ఇంకా నొప్పని ఎట్లా చెప్పాలనుకుందో ఏమో, నీల మళ్లీ కడుపు మాట ఎత్తలేదు. తగ్గిందని పక్కింటి సత్యవ్వకు సాయమ్మ గొప్పగా చెప్పుకుంది కూడా.

నెలలు పోయి నీల చిక్కి మంచం పట్టాక తీసుకెళ్తే, జగిత్యాల డాక్టరు స్కానింగ్ చూసి సాయమ్మతో నెమ్మదిగా అన్నాడు. "నీది ఒక్క దగ్గర గడ్డలెక్క ఉండె, తీసేసినం. ఈమెది కడుపు పొరలల్ల పాకింది. చిన్న వయసోళ్లల్ల ఇసొంటిది ఎక్కువ చూస్తున్నం. ఎవరికీ అనుమానం రాదమ్మా, ఆలస్యమైతది."

అప్పటి నుంచి ఇల్లు సద్దుమణిగితే చాలు, సాయమ్మకు కత్తెర చప్పుడు వినిపిస్తుంది. కత్తెర గూట్లోనే ఉంటుంది, నీల మంచంలోనే ఉంటుంది. అయినా కిర్రుకిర్రుమని ఆకు తెగుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం వీధిలో ఐసుబండి గంట మోగింది. నీల కళ్లు తెరిచింది.

"అత్తమ్మా, పాలైసు కావాలె."

"నీళ్లే దిగుతలేవు కదనే."

"జర చీకుత. నువ్వు వాటాకు రాకు మల్ల, ఉన్నదే సగం కడుపాయె."

సాయమ్మ నవ్వుతూ, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బండి వెనక ఉరికింది. గ్లాసులో పాలైసు పెట్టించుకుని వచ్చేసరికి నీల గుమ్మం వైపు తల తిప్పి ఉంది. ఐసు పెదాలకు ఆనించింది. పెదాలు కదల్లేదు. తెల్లచుక్క ఒకటి చెంప మీదుగా దిండులోకి జారింది.

"చీకు బిడ్డా," అంది. మళ్లీ అంది. ఆ తర్వాత గ్లాసు నేల మీద పెట్టి, మంచం కోడును ఆనుకుని కూర్చుండిపోయింది.

భూమేశ్ గుమ్మంలో అడుగు పెట్టేటప్పటికి పొద్దు గుంకుతోంది. గ్లాసులో పాలైసు ఎప్పుడో నీళ్లైంది. పుల్ల ఒక్కటే అంచుకు ఒరిగి ఉంది.