చెవుల వాషరు

అల్లుడు బండిలోంచి ముందు ఎడమ సీటు ఊడదీసి ఎక్కడికో పట్టుకుపోయిన రోజునే అత్తగారి మనసు కీడు శంకించింది. వెనక సీట్లు అంతకు నెల ముందే తీసేశాడు. కింది రేకు కుళ్ళిందన్నాడు, నమ్మింది. ఇప్పుడు మిగిలింది స్టీరింగు వెనక ఉన్న ఒక్క సీటు. ఒక్క సీటు ఉన్న బండిలో ఎంతమంది పోతారో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అది నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పాతకాలపు బండి. ఏదో గనుల ఆఫీసులో ఇరవై ఏళ్ళు చాకిరీ చేసి, వేలంలో ఇతని చేతికి వచ్చింది. వచ్చిన రోజున తాడు కట్టి లాక్కొచ్చారు. అల్లుడు నీళ్ళ ఆఫీసులో పంపు ఆపరేటరు. డ్యూటీ దిగి రాగానే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ బండి కిందకి దూరేవాడు. టీ కావాలా అని అడగాలంటే ఆమె అతని పాదాలతో మాట్లాడాల్సి వచ్చేది.

ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. ఇద్దరినీ కలిపిన మనిషి, ఆమె కూతురు, పోయి రెండేళ్ళయింది. ఇల్లు అతనిది. ముడి ఊడిపోయాక తాడు కొసలు రెండూ ఒకేచోట ఎందుకుండాలి? ఆ మాట అతను ఎన్నడూ అనలేదు. అనని మాటంటేనే ఆమెకి భయం. ఆమె మొగుడు కూడా ఏమీ అనలేదు. సైకిలుకి గాలి కొట్టించుకొస్తానన్నాడు, కొట్టించుకుని అటునుంచి అటే పోయాడు. కూతురు ఆస్పత్రి మంచం మీంచి, రేపు వచ్చేటప్పుడు దువ్వెన తెమ్మంది. ఆ దువ్వెన ఇంకా సంచిలోనే ఉంది. పోయేవాళ్ళు పోతున్నామని చెప్పరు, ఏదో చిన్న పని చెబుతారు. ఆమెకి అనుభవం మీద తెలిసింది అంతే.

అందుకని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. చిన్నప్పుడు బడికి పోలేదు. కూతురు హోంవర్కు చేస్తుంటే వెనక కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. అప్పటినుంచి పొట్లం కట్టిన కాగితమైనా సరే, చదవకుండా పారెయ్యదు. షెడ్డు గోడ మీద అతను సుద్దముక్కతో రాసుకున్నదీ చదివింది. రేడియేటరు గొట్టం. చేతిబ్రేకు తీగ. డీజిలు క్యాన్లు రెండు. ఎడమ సీటు. చివరిదాని మీద గీత కొట్టేసి ఉంది. పని పూర్తయితే గీత కొడతాడు. సీటు తీసెయ్యడమే పనన్నమాట.

ఫోను వస్తే గేటు దాకా వెళ్ళి మాట్లాడటం కూడా కొత్తే. ఒకసారి ఆమె గేటు పక్క తీగ మీంచి ఆరిన బట్టలు ఒక్కొక్కటే తీస్తూ, తీసినవాటిని మళ్ళీ ఆరేస్తూ నిలబడింది. రెండు ముక్కలు చెవిన పడ్డాయి. ఒకటో తారీకు లోపల చేరిపోతానని. ఆవిడకి ఇంకా చెప్పలేదని.

బండి కదలకపోతే మనిషి కదలడు. ఆ రాత్రి ఆమె ఆలోచన అక్కడికి వచ్చి ఆగింది.

దారి చూపించింది గ్రీజు మామ. గ్యారేజీ మూసేసి పదేళ్ళయినా వీధి మొత్తానికీ ఆయన గ్రీజు మామే. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పానా ముట్టకుండా ఆజ్ఞలు మాత్రం ఇస్తుంటాడు. కుడి ముందు చక్రం విప్పి బేరింగులకి గ్రీజు పెట్టిన రోజున, ఆమె ఎన్నడూ లేనిది దగ్గరికొచ్చి ఇవన్నీ ఏమిటని అడిగింది. ఆయనకి పండగే అయింది. చుట్టూ చెవుల్లాంటి పలుకులున్న పల్చటి వాషరొకటి ఎత్తి చూపించాడు.

"చూడు చెల్లెమ్మా, ఒక చెవి లోపలి నట్టు మీదికి, ఒక చెవి బయటి నట్టు మీదికి మడుస్తాం. ఇది లేదనుకో, తిరిగేకొద్దీ నట్లు వదులైపోతాయి. ఆనక చక్రం మనకంటే ముందు ఇల్లు చేరుతుంది."

అల్లుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు, గుర్తుపెట్టుకుంది.

విప్పిన సామాను పెట్టడానికి అల్లుడికి ఒక పద్ధతి ఉంది. నేల మీద పాత దుప్పటి పరిచి, ఊడదీసినవి ఊడదీసినట్టు ఎడమనుంచి కుడికి రైలుపెట్టెల్లా పేరుస్తాడు. బిగించేటప్పుడు కుడినుంచి వెనక్కి వస్తాడు. కాగితం మీద ఏమీ రాయడు. వరసలో ఖాళీ కనిపిస్తే వస్తువు తప్పినట్టే, అంటాడు.

మరుసటి వారం ఎడమ ముందు చక్రం విప్పాడు. వర్షం పట్టుకుని గ్రీజు మామ రాలేదు. అతను డ్యూటీకి పోయాక ఆమె షెడ్డులోకి వెళ్ళి, వాషరు తీసి కొంగున ముడేసుకుంది. వరసలో ఖాళీ నోరు తెరిచి ఆమెకేసి చూసింది. వంటింటి అలమరలో ఒక డబ్బా తీస్తే మిగతావి దగ్గరికి జరిపే చెయ్యి ఆమెది. ఇక్కడా అంతే, నట్లని కాస్త ఇటూ బేరింగుని కాస్త అటూ జరిపి వరస కుదిర్చింది. అసలు తీసిన దానికంటే ఆ సర్దుడే పెద్ద తప్పని ఆమెకి తట్టలేదు. వాషరుని కూతురి బొత్తాల డబ్బాలో అడుగున దాచింది. రేపు వెతుక్కుంటాడు, దొరకదు, ఈ పాత మోడలుకి కొత్తది తెప్పించాలంటే ఎన్ని రోజులో.

ఆదివారం పొద్దున అతను చక్రం బిగించడానికి కూర్చున్నాడు. ఆమె గుమ్మంలో చేటతో కూర్చుని, బియ్యంలో లేని రాళ్ళు ఏరుతోంది. సగంలో ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఊఁ కొడుతూనే అతను చెయ్యి చాచి వరసలోంచి ఒక్కొక్కటీ అందుకున్నాడు. బేరింగు, నట్టు, ఇంకో నట్టు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మూత పడింది. చక్రం ఎక్కింది. చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"అయిపోయింది అత్తయ్యా. అలా వంతెన దాకా పోయి చూసొస్తా."

చూసొస్తా. గాలి కొట్టించుకొస్తా. దువ్వెన తే.

ఇంజను దగ్గి, రెండోసారికి అందుకుంది. చెబితే దొంగ అవుతుంది, దొంగని ఎవరు ఇంట్లో ఉంచుకుంటారు? చెప్పకపోతే వంతెన దిగుడులో చక్రం ఒక్కటే ముందు పోతుంది. చేట ఎక్కడ పడేసిందో తెలియదు. బొత్తాల డబ్బా మంచం మీద బోర్లించింది, బొత్తాలు నేలంతా పరిగెత్తాయి. ఆమె గేటు చేరేసరికి బండి వెనక చక్రాలు వీధిలో ఉన్నాయి. సీటు లేని వైపు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి వాషరు చూపించింది.

అతను వాషరుకేసి చూశాడు, చక్రంకేసి చూశాడు. ఇంజను ఆపి, దిగి, బండిని లోపలికి తోశాడు. ఆమె కూడా ఒక చెయ్యి వేసింది. జాకీ ఎత్తి, చక్రం తీసి, మూత విప్పి అప్పుడడిగాడు.

"ఎందుకు తీశారు?"

"ఒక్క సీటు బండిలో నన్నెక్కడ కూర్చోబెడతావు నాయనా?"

అతను చేతిలో నట్టు దుప్పటి మీద పెట్టాడు. తరవాత నేలకేసి చూస్తూ చెప్పాడు. కొండమీద కొత్త పంపుహౌసుకి బదిలీ అయింది. చివరి నాలుగు మైళ్ళూ రోడ్డు లేదు, అందుకే ఈ బండి. సీటు ఎలకలు కొరికేస్తే కుట్టడానికి ఇచ్చాడు.

"రమ్మందామంటే అక్కడ ఆస్పత్రి లేదు. అడిగితే రానంటారేమో. ఆ మాట వినలేక, బండికి రోజుకో పని కల్పించుకున్నా."

ఆమె నమ్మినట్టు తలూపింది. వాషరు ఒక చెవి అతను మడిచాడు. రెండోది తనే మడుస్తానని సుత్తీ ఉలీ అడిగి తీసుకుంది. మూడు దెబ్బలు కొట్టి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఇంకో దెబ్బ వేసింది.

మర్నాడు అతను డ్యూటీకి పోగానే సీట్లు కుట్టే దుకాణం వెతుక్కుంటూ బయల్దేరింది. మనిషి చెప్పిన మాట వేరు, కళ్ళతో చూసింది వేరు. సీటు ఉంది. కొత్త రెక్సిను వేసి ఉంది. దర్జీ ఆమెని ఎగాదిగా చూసి, నాలుగంగుళాలు దించమన్నారనీ, నడుముకి దిండు పెట్టమన్నారనీ చెప్పాడు.

నడుం నొప్పి అతనికీ ఉంది. ఆమె సీటు మీద కూర్చుని చూసింది. పాదాలు రెండూ నేలకి ఆనాయి. ఆ పొడుగు మనిషి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

అయినా ఇంకొకటి మిగిలింది. "ఈ దించమనడం ఎప్పుడు చెప్పాడు? నిన్ననా?"

"నిన్న కాదమ్మా. తెచ్చిన రోజే చెప్పారు. పదిహేను రోజులు దాటింది."

ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. వాషరుకి ముందే. మళ్ళీ లెక్కపెట్టింది. దర్జీకి ఆ సీటు పక్కకి జరపాల్సిన అవసరం వచ్చి, లేస్తారా అమ్మా అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో నాయనా. నేనింకాస్సేపు కూర్చుంటా."