నీళ్ళకు పోయే మద్ది

మహదేవపూర్ దాటాక గోదావరి దాకా పరుచుకున్న అడవికి రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు తాళం తీసేది అమ్రీన్. ఆదివారాలు జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి బండ్లు మాట్లాడుకుని కుటుంబాలు వస్తాయి. అడవి దాటితే నది ఒడ్డున పెద్ద ఇసుక మేట. సముద్రం లేని జిల్లాలు గనక జనం దాన్నే బీచ్ అనుకుని సంబరంగా ఫొటోలు దిగుతారు. వాళ్ళను మూడు కిలోమీటర్లు నడిపించి, మళ్ళీ గేటుకు చేర్చడం అమ్రీన్ పని. దారిలో దుప్పి అడుగులు చూపిస్తుంది, పిట్టల పేర్లు చెప్తుంది, ప్లాస్టిక్ సీసా పారేసినవాళ్ళను మొహమాటం లేకుండా తిడుతుంది.

జనవరిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దారి పొడవునా బాణం గుర్తులు వేయాలి. వాటిని చూసుకుంటూ జనం వాళ్ళంతట వాళ్ళే నడిస్తే ఇక గైడు అక్కర్లేదు. ఆ బాణాలు వేయాల్సిందీ అమ్రీనే. తన పొట్ట తానే కొట్టుకోవడమంటే ఇదే మరి. కొలువు పోతే గార్ల ఊళ్ళో వాళ్ళన్న నడిపే బట్టల దుకాణంలో కూర్చుని రవికె గుడ్డలు కత్తిరించాలి. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడదు. అయినా చెప్పిన పని చెడగొట్టే మనిషి కాదు. దారి రెండుగా చీలేచోట, అన్నిటికంటే లావుపాటి నల్లమద్ది మీద, దూరం నుంచే కనబడేలా పెద్ద బాణం వేసింది.

అక్కడే తప్పు జరిగింది. ఎండాకాలంలో మద్దిచెట్లు నీళ్ళకు పోతాయని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. పన్నెండు దాటాక మెల్లగా వేళ్ళు పైకి లాక్కుని గోదావరికి నడుస్తాయి. మూడింటికల్లా తిరిగొచ్చి ఏ గుంటలోది ఆ గుంటలో నిలబడతాయి. మేకల కాపరులు వాటికి దారి వదులుతారు. కానీ జనవరి చలిలో మే నెల ఎవరికి గుర్తుంటుంది?

మేలో రేంజ్ ఆఫీసర్ అమర్‌సింగ్ తనిఖీకి వస్తున్నాడనగానే అమ్రీన్ పరేషాన్ అయింది. పొద్దున్నే మద్ది దగ్గరికి పోయి బెరడు మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల ఒక్కరోజు నీళ్ళకు పోకు. నువ్వు పోతే, పని సక్కగ చెయ్యలేదని సారు తిడుతడు."

అమర్‌సింగ్ పన్నెండున్నరకు వచ్చాడు. జనగామ నుంచి వచ్చిన పదిమందిని బాణాల వెంట ముందు నడవమని, తాను అమ్రీన్‌తో కలిసి వెనక నడిచాడు. చీలిక దగ్గర మిగతా మద్దులన్నీ వెళ్ళిపోయి గుంటలే మిగిలాయి. బాణం ఉన్నది ఒక్కటే నిలబడి ఉంది.

"ఇది నీళ్ళకు పోలేదేందమ్మా?"

"పోవద్దని చెప్పిన సార్."

"మాట వింటదా?"

"వింటది సార్."

"మంచిగున్నది" అని ఆయన కాగితం తీసి 'గైడు అవసరం లేదు' అని రాశాడు.

అమ్రీన్ కొలువు పోయినట్టే. తలెత్తి చూస్తే మద్ది ఆకులు వాడి వేలాడుతున్నాయి. బెరడు ముట్టుకుంటే చెయ్యి కాలింది. మాను లోపల సన్నగా వణుకుతోంది. ఎంత జాలేసిందంటే తన సంగతే మరిచిపోయింది.

"నాకోసం గిట్ల ఎండుతున్నవా? పో తల్లీ, పోయి తాగు."

మద్ది వేళ్ళు విడిపించుకుని కదిలింది. చీలిక దగ్గర ఆగిన జనం పక్కకు జరిగారు. జనగామ రిటైర్డ్ టీచరు లీలావతి మాత్రం గొడుగు పట్టుకుని బాణం వెంటే బయలుదేరింది. చెట్టు ఇసుక దాటింది, ఆమే దాటింది. చెట్టు నీళ్ళలోకి దిగింది, ఆమె చెప్పులు చేతబట్టుకుని దిగబోయింది. అమ్రీన్ ఉరికి పోయి రెక్క పట్టుకుంది.

"అమ్మా, గక్కడ లోతున్నది!"

"బాణం ఎటుంటే అటు పొమ్మన్నరు కద బిడ్డా" అంది లీలావతి.

అమర్‌సింగ్ రొప్పుతూ వచ్చాడు.

"ఆపుకున్నదానివి, మళ్ళెందుకు ఇడిసినవు?"

"దానికి దూప అయితది గద సార్."

ఆయన నీళ్ళు తాగుతున్న చెట్లవైపు, చెప్పులు చేతబట్టుకున్న లీలావతివైపు చూశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఇందాక రాసింది కొట్టేశాడు. 'ఇక్కడ అమ్రీన్ ఉండాలి' అని రాసి సంతకం పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి గేటుకు ఎటు పోవాలె బిడ్డా?" అని అడిగింది లీలావతి.

అమ్రీన్ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. చెయ్యెత్తి దారి చూపించింది.