పిలిచేవాడికీ లైసెన్సు

నది మీది వంతెన దాటి, కొండదారిలో పన్నెండు మైళ్లు ఎక్కి డెల్ఫియా ట్రక్కు ఆపేసరికి ఆమె అన్న వర్జిల్ వరండాలో బూట్లు లేకుండా కూర్చుని ఉన్నాడు. ఏప్రిల్ రెండో వారం. అడవి టర్కీ కోళ్ల వేటకు ఇంకా రెండు రోజులే ఉంది. మామూలుగా అయితే ఈపాటికి బూట్లకు నూనె పట్టిస్తూ ఉండాల్సిన మనిషి.

"బూట్లు తొడుక్కో. ఊళ్లోకి పోవాలి," అంది.

"ఈ ఏడు వేట లేదని ఫోన్లో చెప్పాను కదా చెల్లీ."

"నీకు లేదు, నాకుంది. లైసెన్సు తీసుకుంటున్నాను. ఊరికే తోడు రా."

వర్జిల్ ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట అతనికి ఒక మసక మచ్చ కనిపిస్తుంది. ఇక బాగుపడదని డాక్టరు ఆకులు రాలే రోజుల్లోనే చెప్పేశాడు. ఆ రోజు బీరువాలో పెట్టిన తుపాకీ మళ్లీ బయటికి రాలేదు. చలికాలం గడిచేకొద్దీ మనిషి కూడా ఇంట్లోంచి రావడం మానేశాడు. డెల్ఫియాకు దిగులు పట్టుకుంది అక్కడే. యాభై ఎనిమిదేళ్లు వరసగా ఆ కొండెక్కినవాడు ఈ ఒక్క ఏడాది ఎక్కకపోతే, ఇక ఆ కుర్చీలోంచి లేవడు.

"డెబ్బై ఒకటి నిండాయి నీకు. బతుకంతా బడి బస్సు నడిపావు. ఎప్పుడైనా టర్కీని కాల్చిన మొహమేనా?"

"ఉడతల్ని కాల్చాను. నాన్న నేర్పాడు."

"ఉడతకేం తెలుసు పాపం. టర్కీ నీకంటే తెలివైంది."

"అందుకే నువ్వు రావాలి. నువ్వు ఈలతో పెట్టలా కూసి పుంజును పిలు, నేను కాలుస్తా."

"ముందు నీకు లైసెన్సు ఎవరిస్తారో చూద్దాం," అంటూ కాలితో బూట్ల కోసం తడిమాడు. వేటకు ఒప్పుకుని కాదు, చెల్లెల్ని ఏడిపించే అవకాశం పోగొట్టుకోలేక.

ట్వైలా కొట్లో ఎరలకు వానపాములు, తూటాలు, కాఫీ, లైసెన్సులు అన్నీ ఒకే బల్ల మీద దొరుకుతాయి. ట్వైలా కంప్యూటరు తెరిచి అడిగింది: "ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టా, బయట ఉంటున్నట్టా?"

"ఇక్కడే అని కొట్టు," అన్నాడు వర్జిల్. "మా లోయలోనే పుట్టింది. అది పుట్టినప్పుడు పొయ్యిలో కట్టెలు ఎగదోసింది నేనే."

"బయట," అంది డెల్ఫియా. "నలభై తొమ్మిదేళ్లుగా నది అవతలి రాష్ట్రంలో ఉన్నాను. రేపు మా ఆయన ఎర్ల్ సమాధి పక్కన నన్ను పెట్టేదీ అక్కడే. అబద్ధం రాయించుకుని ఆ కొండెక్కితే నాకే సిగ్గు."

ఆ మాట ఆమె అన్న ఎదుట అంత స్పష్టంగా ఎప్పుడూ అనలేదు.

"బయటివాళ్లకి రుసుము చాలా ఎక్కువండీ," అంది ట్వైలా.

"ఆ డబ్బుతో కొట్లో టర్కీలు కొంటే క్రిస్మస్ దాకా తినొచ్చు," అన్నాడు వర్జిల్, గొంతు సవరించుకుని.

"వాటికి నీ ఈల వినబడదు కదా. కానివ్వు ట్వైలా."

"మీ వయసువాళ్లకి వేట శిక్షణ తరగతి అక్కర్లేదు. ఎత్తు చెప్పండి. బరువు?"

డెల్ఫియా బరువు చెప్పింది. వర్జిల్ కిసుక్కున నవ్వాడు. "చూపు లేని నాకే తెలుస్తోంది అది తప్పని."

"బస్సు నడిపేటప్పటి బరువు. ఉండనీ."

"కొండ మీదికి ఒక్కరే వెళ్తారా?" అంది ట్వైలా.

"నేను తోడుంటాలే," అనేశాడు వర్జిల్. "తుపాకీ ముట్టను. ఈల ఊదుతానేమో, అంతే."

ట్వైలా చెయ్యి ఆగింది. "అయితే మీకూ లైసెన్సు కావాలి వర్జిల్ గారూ."

"గుడ్డివాడికి లైసెన్సేంటి? వింటే నవ్వుతారు."

ట్వైలా సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి చదివింది: "ఇతరుల కోసం టర్కీని పిలిచే వ్యక్తి, ఆయుధం లేకున్నా, వేటగాడిగానే పరిగణించబడతాడు."

వర్జిల్ బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇంకోసారి చదువు."

ఆమె మళ్లీ చదివింది.

"పిలిచేవాడు కూడానా?"

"పిలిచేవాడూ వేటగాడే. ఇందులో అలాగే ఉంది."

డెల్ఫియా గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. ఆ వాక్యం ఆమె ఫిబ్రవరిలోనే చదివింది. తను చెబితే జాలిపడి చెప్పిందనుకుంటాడు. ట్వైలా నోట వినాలని ఇంత దూరం తీసుకొచ్చింది.

వర్జిల్ పర్సులోంచి నిరుటి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాత వివరాలే ఉంచుతున్నా," అంది ట్వైలా. "కళ్లు నీలం, అంతేగా?"

"ఇంకా నీలంగానే ఉన్నాయా? అద్దంలో నాకు తెలియట్లేదు."

"నీలమే," అంది డెల్ఫియా. "అమ్మ కళ్లు." అతని వేలు పట్టుకుని సంతకం పెట్టే గీత మీద ఆనించింది.

తిరుగుదారిలో వర్జిల్ చొక్కా జేబులోంచి ఏదో తీశాడు. టర్కీ రెక్క ఎముకలు మూడు ఒకదాంట్లో ఒకటి దూర్చి వాళ్ల నాన్న చేసిన ఈల.

"వేట లేదన్నావుగా?"

"జేబులో ఉండిపోయింది."

ఆ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ పొద్దున్నే తొడుక్కున్నది. డెల్ఫియా గేరు మార్చింది.

వేట మొదలైన రోజు తెల్లవారేసరికి ఇద్దరూ ఓక్ చెట్టు మొదలుకు వీపులు ఆనించి కూర్చున్నారు. వర్జిల్ ఎముకను పెదాల మధ్య పెట్టుకుని గాలి లోపలికి పీల్చాడు. పెట్ట పిలిచినట్టు సన్నటి కూతలు మూడు. కింద లోయలోంచి పుంజు గట్టిగా బదులిచ్చింది.

"కదలకు," అన్నాడు చాలాసేపటికి. "నీ ఎడమ పక్కకొచ్చాడు. రొమ్ములోంచి గుమ్మంటున్నాడు, వినబడుతోందా?"

ఆమెకు వినబడలేదు. తుపాకీ ఎడమకు తిప్పింది. పొదల వెనక నుంచి పుంజు మెల్లగా బయటికొచ్చింది.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు గుసగుసగా.

అలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. ట్రిగ్గరు మీద వేలు అలాగే ఉంచి చెప్పసాగింది. తల మీద ఎరుపు, నీలం, తెలుపు. తోక విసనకర్రలా విప్పాడు. రెక్కలు నేల గీస్తున్నాయి. ఎండ పడ్డచోట ఈకలు రాగిలా మెరుస్తున్నాయి. రొమ్ము మీద గడ్డంలా వేలాడే కుచ్చు పొడుగ్గా ఉంది, నాన్న కొట్టిన దానికంటే పొడుగు... అంతలో పుంజు మెడ నిక్కించి, ఒక్క ఉరుకులో పొదల్లోకి పోయింది.

"పోయాడా?"

"పోయాడు."

"కాల్చమంటే కబుర్లు చెప్పావు."

"అడిగింది నువ్వే."

"రేపు కాల్చాక అడుగుతా." ఈల తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాలుగున్నరకి తయారుగా ఉండు. ఇవాళ ఆలస్యం చేశావు."

"ఆలస్యమేంటి, నిన్ను లేపింది నేనే."

"అయితే నాలుగింటికి లేపు."