మగ్గం ఎత్తుకు కట్టిన గది

అందరూ ఇల్లు కట్టుకుని అందులో మగ్గం పెట్టుకుంటారు. హేమావతి మగ్గాన్ని కొలిచి ఇల్లు లేపించింది. అంచు బొమ్మలు నేసే జకార్డు పెట్టెను మగ్గం పైన బిగించడానికి పాత కప్పు అడ్డమొస్తోందని ముందుగది గోడలు ఎత్తు చేయించి పైన రేకులు వేయించింది. ధర్మవరంలో ఆ సందంతా నేతగాళ్ళే. అనుమతి తీసుకోవాలన్న మాట ఒక్కరికీ తట్టలేదు.

మున్సిపాలిటీ నోటీసు వచ్చినప్పుడైనా రాతలో జవాబివ్వాలని తెలియలేదు. తెచ్చినతనికి కాఫీ ఇచ్చి, గది ఎందుకు లేపామో నోటితోనే చెప్పి పంపారు. సంగతి చెప్పేశాం కదా అనుకున్నారు. గడువు దాటిపోయింది. బుధవారం కూల్చడానికి వస్తారని తెలిసి భర్త చంద్రమోహన్ కోర్టు స్టే కోసం ఆ రోజు తెల్లారకముందే వకీలు ఇంటికి పరిగెత్తాడు.

హేమావతి మాత్రం చీర నిలువు పోగుల పడుగును సందులో సాపు చేయడానికి బయటికి తీసింది.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఉమేష్ వచ్చేసరికి సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుమెత్తున పట్టు దారాలు బిగించి ఉన్నాయి. జేసీబీ మలుపులోనే ఆగిపోయింది. హేమావతి తెగిన పోగులు ముడేసుకుంటూ తల తిప్పలేదు.

"దీన్ని చుట్టేయమ్మా, బండి రావాల" అన్నాడు ఉమేష్.

"సగంలో చుడితే చిక్కు పడతాది సార్. మీరొచ్చి తీస్తారా?"

"రోడ్డు మీ సొంతమా?"

"రోడ్డు మీ సొంతమే. పడుగు నాది. తొక్కించుకోని పోతామంటే పోండి, నేనూ ఈడనే ఉంటా."

అరుగు మీద కూర్చున్న అత్త కుళ్ళాయమ్మ అందుకుంది. "ఏమప్పా, నీ పెండ్లికి ధర్మవరం పట్టుచీర కొన్లేదా? అది యాడ నేస్తారనుకున్యావు, ఆకాశంలోనా?"

జేసీబీ డ్రైవరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఉమేష్ మొహం ఎర్రబడింది. "చట్టం చట్టమే అవ్వా. సరే, రేపొస్తా."

"రేపు పద్మజ పడుగుండాది సార్" అంది హేమావతి.

ఎదురింటి పద్మజ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మగ్గం మీద చీర ఇంకా సగమే అయింది. కొత్త పడుగు మాటే లేదు. ఒక్క క్షణం బిత్తరపోయి, కొంగు దోపుకుంది.

"అవును సార్, రేపు నాది. పొద్దున్నే వేస్తా."

జేసీబీ వెనక్కి మళ్ళింది. ఇంతలో చంద్రమోహన్ ఫోను చేశాడు. గొంతులో నీరసం. "పిటిషన్ వేసినాం. సోమవారం గానీ వినరంట. ఇంగేం చేస్తాంలే, సామాన్లన్నా బయట పెట్టుకుందాం."

"పెట్టను" అంది హేమావతి. "మగ్గం కదల్దు. నువ్వు వకీలు దగ్గరే ఉండు."

ఫోను పెట్టేసి సందు పొడవునా తెరిచి ఉన్న తలుపుల వైపు చూసింది.

"సోమవారం దాకా సందు ఖాళీగా ఉండకూడదు. శుక్రవారం ఎవురు వేస్తారు?"

"మాది వేస్తాంలే" అని ఏదో ఇంట్లోంచి ఆడగొంతు పలికింది. "శనివారం ఇంకెవురన్నా చూసుకోండి."