ప్రెజర్ దిగేదాకా

బస్తీ బోరులోంచి ఆ పొద్దున నీళ్లు రాలేదు, గాలి వచ్చింది. నలభై బిందెల వరుస ముందు పంపు దగ్గి దగ్గి ఆగిపోయింది. గోడ అవతల, చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటులో మాత్రం నాలుగు బోర్లు ఆగకుండా పోస్తున్నాయి. నాచారం కార్ఖానాల వెనక మా బస్తీలో జరిగిందిది. వరుసలో పదహారో బిందె నాదే. కళ్లారా చూసిందే మీకు చెబుతున్నాను.

మర్నాడు కమ్యూనిటీ హాల్లో మీటింగు. ప్లాంటు మేనేజరు గిరిప్రసాద్ బోర్డు మీద బొమ్మ గీశాడు.

"చెత్త మండుతుంది, నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. చెత్త దగ్గర, నీళ్లు దగ్గర, సబ్‌స్టేషన్ దగ్గర. అందుకే ప్లాంటు ఇక్కడ పెట్టామండి."

ఉప్పలమ్మ లేచింది. ఆమె భర్త సాంబయ్య ఆ ప్లాంటులోనే బాయిలర్ ఆపరేటరు.

"పెద్ద పెద్ద టవర్లల్ల చెత్త ఎల్లదా సారూ? ఆళ్లకు బోర్లు లెవ్వా? ఆడెందుకు వెట్టలే?"

"అక్కడ ఒప్పుకోరమ్మా," అనేశాడు గిరిప్రసాద్.

నోరు జారి నిజం చెప్పాడు. మమ్మల్ని ఎవరూ లెక్కచేయరని మాకు ఎప్పుడూ తెలుసు. ఆయన నోటితో విన్నాక కడుపు మండింది.

ఆయన కారెక్కి వెళ్లాక, అదే ప్లాంటులో చెత్తను మంటలోకి వేసే క్రేన్ నడిపే జీవన్ అన్నాడు. "అయితే మనం గూడ ఒప్పుకోవద్దు. మన బోరుకు నీళ్లొచ్చేదాక చెత్త మండనియ్యం."

"ఆపుదాం," అన్నాడు సాంబయ్య. "గానీ బాయిలర్ అంటే ఇంట్ల స్టవ్ కాదు బిడ్డా. చెత్త వేసుడు ఆపినా లోపల ప్రెజర్ ఉంటది. అది సున్నాకు దిగేదాక నీళ్ల మట్టం సూస్కుంట ఒకరుండాలె. లేకుంటే పేలి మన బస్తీ మీదనే పడ్తది."

"ఎంతసేపు మామా?"

"పొద్దు గూకుతది."

సోమవారం పదింటికి క్రేన్ ఆగింది. ఇరవైరెండు మంది కాంట్రాక్టు కార్మికులు బయటికొచ్చారు. సాంబయ్య ఒక్కడే బాయిలర్ దగ్గర ఉండిపోయాడు. గేటు ముందు ఆడవాళ్లం ఖాళీ బిందెలతో కూర్చున్నాం. పొగ సన్నబడుతుంటే చప్పట్లు కొట్టాం. గెలిచామనుకున్నాం, మా పిచ్చి గానీ.

రెండింటికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీలు లేచాయి, బిందెలు సొట్టపోయాయి. జీవన్ వెనక గోడ దూకి బాయిలర్ దగ్గరికి ఉరికాడు. అక్కడ జరిగింది తర్వాత అతనే చెప్పాడు.

"మామా, వచ్చెయ్. నిన్నే ఎతుకుతున్రు."

సాంబయ్య ప్రెజర్ గేజ్ మీంచి కళ్లు తిప్పలేదట. "ముల్లు ఇంకా పన్నెండు మీదుంది. ఇడిసిపెట్టి ఎట్లొస్తరా? నువ్వు ఉరుకు."

ముప్పై ఏళ్ల అలవాటు అది. ముల్లు సున్నాకు దిగాకే బేడీలకు చేతులు ముందుకు చాపాడట. ఎస్సై కూడా పక్కన నిలబడి గేజ్ చూశాడంటారు. కేసులో మాత్రం బాయిలర్ పేల్చడానికి కుట్ర చేశాడని రాశారు. బెయిలు రాలేదు.

రెండు రోజులు మా దండేల మీద బట్టలు బూడిద పడకుండా తెల్లగా ఆరాయి. మూడో రోజు వేరే జిల్లా నుంచి తెచ్చిన మనుషులతో పొగ మళ్లీ లేచింది. బోరులో గాలే. పనులు పోయినవాళ్లలో సగం మంది తప్పయిందని రాసిచ్చారు. వాళ్లను నేను తిట్టను, ఇళ్లల్లో పిల్లలున్నారు.

ఉప్పలమ్మ దండెం మీద సాంబయ్య చొక్కా ఆరుతోంది. దానిమీద బూడిద పడుతుంటే కాసేపు చూసింది. దులపలేదు. సొట్ట బిందె తీసుకుని గేటు వైపు నడిచింది.

"యాడికి వదినా?" అన్నాను.

"ఆయన సున్నాకు తెచ్చిండు. ఈళ్లు మళ్ల ఎక్కిచ్చిన్రు. మళ్ల దింపాలె గద."

ముందు ఆమె ఒక్కతే. సందు దాటేసరికి తొమ్మిది మందిమయ్యాం.